పందొమ్మిది ఇళ్ళలో ఒకే గొంతు

“ఒరే గంగా, ఆ తలుపు వేసుకోరా. ఈదురుగాలి కొడుతోంది, జలుబు చేస్తుంది.”

ఆ మాట వినగానే యాభై ఏడేళ్ళ మల్లాడి గంగరాజు లేచి వెళ్ళి తలుపు వేసేశాడు. బయట ఎండ నలభై మూడు డిగ్రీలు కాస్తోంది. గాలన్నది లేదు, ఆకు కదలడం లేదు. అయినా తలుపు వేసి, గడియ కూడా పెట్టి, తిరిగొచ్చి కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమటో, కన్నీళ్ళో పక్కన కూర్చున్న వీరభద్రాచారిగారికి తెలియలేదు.

మాట్లాడింది గంగరాజు తల్లి నూకాలమ్మ. ఆవిడ పోయి యాభై ఒక్క ఏళ్ళయింది.

“చూశారా ఆచారిగారూ! మా అమ్మేనండీ, అచ్చంగా మా అమ్మే,” అన్నాడు గంగరాజు. “ఆ రోజు మీరు ఆ పటం తయారుచేసి ఇవ్వకపోతే ఇవాళ ఈ మాట నా చెవిన పడేదా? మీ మేలు ఈ జన్మలో మర్చిపోను.”

ఆచారిగారు గోడమీది పటం వంక ఓసారి చూసి తల దించుకున్నారు. పెద్దాయన సిగ్గుపడుతున్నాడనుకున్నాడు గంగరాజు. సిగ్గు కాదు, భయం. ఎందుకు భయమో చెప్పాలంటే ముందు ఆ మాట వచ్చిన పెట్టె సంగతి చెప్పాలి.

దాని అసలు పేరు స్వరపేటిక. విశ్వవిద్యాలయం వాళ్ళు పెట్టిన పేరు. నాగులరేవులో అలా పిలిచేవాడెవడూ లేడు, అందరూ పలుకుపెట్టె అనే అంటారు. ఇత్తడి చెంబంత ఉంటుంది. ముందువైపు జల్లెడలాంటి మూత, వెనక ఒక మీట. లోపలున్న ప్రాసెసర్ గురించీ సాఫ్ట్‌వేర్ గురించీ చెబితే మీకూ నాకూ తలనొప్పి తప్ప ఏమీ మిగలదు గానీ, సూత్రం మాత్రం తేలిక. కుండను వేలితో కొట్టండి, ఒక మోత. బిందెను కొట్టండి, ఇంకో మోత. పాత్ర ఆకారాన్ని బట్టే దాని చప్పుడు. మనిషి గొంతూ అంతే. మెడ పొడుగు, దవడ వెడల్పు, ముక్కు లోపలి ఖాళీ, పళ్ళ వరస, పెదవుల మందం, ఇవన్నీ కలిస్తేనే గొంతు. మొహం తెలిస్తే గొంతు లెక్కగట్టొచ్చని కనిపెట్టింది డాక్టర్ హైమవతి అనే ఆవిడ. ఒక్క ఫోటో స్కానర్ కింద పెడితే చాలు, గంటన్నరలో పెట్టె ఆ మనిషి గొంతు పట్టేస్తుంది.

గొంతు ఫోటోలోంచి వస్తుంది. మాటలు మాత్రం బతికున్నవాళ్ళు ఇవ్వాలి. పోయినావిడ పిల్లల్ని ఎలా పిలిచేది, కోపమొస్తే ఏమనేది, గుమ్మంలోకి ఎవరొస్తే ఎలా పలకరించేది, ఒక రోజంతా కూర్చుని పెట్టెకి చెప్పాలి. ఆ తర్వాత మనం ఏదన్నా అంటే ఆవిడలాగే జవాబిస్తుంది. తల్లి పోయేనాటికి గంగరాజుకి ఆరేళ్ళు. అతను చెప్పింది కొంచెం, ఎనభై ఆరేళ్ళ అతని మేనత్త చెప్పింది బోలెడు. ప్రయోగంలో భాగంగా ఊళ్ళో పందొమ్మిది మంది తల్లులకి పెట్టెలు వచ్చాయి. నాగులరేవులో సముద్రానికి అడ్డంగా కట్టిన కాంక్రీటు గోడనీ, చప్పుడు చెయ్యని కరెంటు పడవల్నీ చూసి రెండేళ్ళు ముక్కున వేలేసుకున్న జనం, పలుకుపెట్టెలు వచ్చాక వాటి ఊసే మానేశారు.

ఇక ఆచారిగారి భయం. గోడమీద దండేసి ఉన్న బొమ్మ నూకాలమ్మది కాదు.

యాభై ఒక్క ఏళ్ళ కిందట ఆ ఊరి మీదికి ఉప్పెన వచ్చింది. మగవాళ్ళు చాలామంది పైఊళ్ళ పనుల్లో ఉండి బతికారు, ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళు కొట్టుకుపోయారు. నీళ్ళు తీశాక మిగిలినవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆచారిగారి చంద్రికా ఫోటో స్టూడియో మెట్లెక్కారు. “మా ఆవిడ పటం కావాలి బాబూ, దండ వేసుకోడానికి,” అనేవారు. పాత ఫోటో ఏదన్నా ఉందా అని అడిగితే లేదని తల అడ్డంగా ఊపేవారు. ఫోటో లేని మనిషికి ఫోటో చెయ్యడం స్టూడియోలకి కొత్తేమీ కాదు. పోయినాయన తమ్ముణ్ణో కొడుకునో కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసి, నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మీసం దిద్ది, బుగ్గలు లోతు చేసి, వయసు పెంచేవాళ్ళు. టచింగ్ అనేవారు దాన్ని. అందులో ఇరవై ఏడేళ్ళ వీరభద్రాచారిది అందెవేసిన చెయ్యి.

మగవాళ్ళ పటాలకి మనుషులు దొరికారు. ఆడవాళ్ళకి దొరకలేదు. చచ్చిపోయినదాని బదులు వచ్చి కుర్చీలో కూర్చో అంటే ఎవరు కూర్చుంటారు? “హవ్వ! నా పసుపుకుంకాలు చల్లగా ఉండాలా వద్దా?” అని మొహం మీదే అడిగేసి వెళ్ళిపోయారు. తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు కూడా ససేమిరా అన్నారు.

అప్పుడు మాణిక్యం వచ్చి కూర్చుంది.

మాణిక్యం ఆచారిగారి భార్య. పెళ్ళయి రెండేళ్ళు. పుట్టుమూగ. వినపడేది, అన్నీ అర్థమయ్యేవి, మాట మాత్రం లేదు. మొగుణ్ణి పిలవాలంటే గాజులు గలగలలాడించేది. డార్క్‌రూమ్ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళ ఏడుపులు మూడు రోజులు వింది. నాలుగో రోజు పొద్దున్నే చీర మార్చుకుని, బొట్టు దిద్దుకుని, ఎవరూ అడక్కుండా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. కానియ్ అన్నట్టు కెమెరా వైపు చెయ్యి చూపించింది. వద్దని ఆయన అనలేదు. బయట మెట్ల మీద పదకొండు మంది ఎదురుచూస్తున్నారు.

ఒకే ఒక్క నెగెటివ్. ఒకరి తల్లిని దిద్ది, ప్రింటు వేసి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ ఇంకొకరి తల్లిని దిద్దేవారు. “మా అమ్మ ముక్కు కాస్త చప్పిడండీ” అంటే చప్పిడి చేశారు. గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేదంటే పెట్టారు. “మా ఆవిడకి చేతిగడియారం మీద మోజు, పాపం తీరకుండానే పోయింది” అని ఒకాయన ఏడిస్తే గడియారం గీసి ఇచ్చారు. ఇంకొకాయన పక్కన రేడియో పెట్టించాడు. ఓలేటి సరోజిని టీచరుగారి నాన్న మరీ విచిత్రం, అక్షరమ్ముక్క రాని భార్య చేతిలో లావుపాటి పుస్తకం పెట్టించాడు. మొత్తం ముప్పై ఒక్కమంది. ఆ పటాలు ఊరంతా పక్కపక్క ఇళ్ళలోనే వేలాడుతున్నా పోలిక పట్టినవాడు లేడు.

నాలుగేళ్ళకి మాణిక్యం జ్వరంతో పోయింది. పోయినవాళ్ళ స్థానంలో కూర్చుంటే వాళ్ళు ఊరుకుంటారా అని వీధిలో గుసగుసలాడుకున్నారు. ఆ మాట ఆచారిగారి గుండెల్లో దిగబడిపోయింది. పదకొండో రోజున దండ వేద్దామని వెతికితే, ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషి ఇంట్లో పెళ్ళాం ఫోటో లేదు. పెళ్ళిఫోటోలు ఉప్పెనలో పోయాయి. తర్వాత తీయలేదు. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా తీయొచ్చులే అనుకున్నారు. ఆ నెగెటివ్ బయటికి తీసి వెలుగులో పట్టుకుంటే, దిద్ది తుడిచి, దిద్ది తుడిచి, మొహం ఉండాల్సిన చోట మరక మిగిలింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

గంగరాజు ఇంట్లో పెట్టెలోంచి మాట వినగానే ఆయనకి పట్టుకున్న భయం ఇదే. పటం బండారం బయటపడుతుందేమో, ఊళ్ళో తలెత్తుకు తిరగలేనేమో అని. అసలు సంగతి అప్పటికి ఆయనకి తట్టలేదు.

తట్టింది నాలుగు రోజుల తర్వాత. బీపీ మాత్రలు కొనుక్కుని వస్తుంటే సరోజిని టీచరుగారి కిటికీలోంచి వినపడింది. “సరోజా, ఇలా రావే, జడ వేస్తాను.” ఆచారిగారు ఆగిపోయారు. సన్నటి గొంతు, మాట చివర కొంచెం బొంగురు. ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ నాలుగు అడుగులు వేశారో లేదో, ఐసు ఫ్యాక్టరీ పక్కింట్లోంచి అదే గొంతు, “అప్పన్నా, నీ ఒళ్ళు మండా, మళ్ళీ బురదలోకి దిగావురా!” అని తిడుతోంది. సందు మలుపు తిరిగితే ఇంకో ఇంట్లో అదే గొంతు ఎవరినో కొసరి కొసరి అన్నం తినమంటోంది. అదే సన్నదనం, అదే బొంగురు.

పెట్టెలు వచ్చేదాకా ఆ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. ఎవరూ వినలేదు. అయినా అది ఎవరిదో ఆయనకి తెలిసిపోయింది.

“మాణిక్యం,” అన్నారు నడివీధిలో, పైకే.

ఆనాటి నుంచి ఆయనకి ఇంట్లో కాలు నిలవలేదు. పొద్దున్న లేచి, చేతికర్ర పట్టుకుని, పందొమ్మిది ఇళ్ళ గోడల పక్కనా నిలబడటమే పని. మాణిక్యం నవ్వుతుంది. మాణిక్యం చీవాట్లు పెడుతుంది. చింతకాయ పచ్చడి గురించి, దోమల గురించి, పొరుగింటి కోడిపెట్ట గురించి గలగలా మాట్లాడుతుంది. గంగా అంటుంది, సరోజా అంటుంది, అప్పన్నా అంటుంది. ఊళ్ళో అందర్నీ పిలుస్తుంది, ఆయన్ని తప్ప. ఒక్కసారి ఏమండీ అంటే చాలు, ఆ పూటే ప్రాణం పోయినా బాధలేదనిపించేది. పెద్దాయనకి మతి చలించిందని వీధిలో పిల్లా పెద్దా అనుకోవడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం డాక్టర్ హైమవతి స్టూడియో వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళ కింద నల్లటి చారలు.

“ఆచారిగారూ, మా యంత్రం చెడిపోయిందని పైవాళ్ళు అంటున్నారండీ,” అంది కుర్చీ లాక్కుని. “ప్రతి గొంతుకీ యంత్రం ఒక నంబరు ఇస్తుంది, వేలిముద్రలాగా. ఇద్దరికి ఒకే నంబరు రావడమనేది జరగదు. మీ ఊళ్ళో పందొమ్మిది మందికీ ఒకే నంబరు వచ్చింది. ఆ పటాలన్నీ మీ దగ్గర చేయించినవేనట కదా?”

“ముక్కులు వేరుగా ఉంటాయి కదమ్మా,” అన్నారు ఆచారిగారు నీరసంగా. “మచ్చలు వేరు, నుదుళ్ళు వేరు.”

“అవి పెన్సిల్ గీతలండీ. యంత్రం వాటిని పట్టించుకోదు. చేత్తో గీసినదాన్ని చెత్త కింద తీసి పారేసి, వెలుతురు పడి ముద్రపడ్డదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. గీసినవన్నీ తీసేస్తే ఆ పటాల్లో మిగిలేది ఒకే మనిషి. ఎవరండీ ఆవిడ?”

ఆచారిగారు చెప్పేశారు. యాభై ఒక్క ఏళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా, గాజుల చప్పుడుతో సహా. చెప్పి, చిన్నపిల్లాడిలా అడిగారు. “మాట రానిదానికి గొంతు ఎలా వచ్చిందమ్మా?”

“గొంతు ఆవిడకి ఎప్పుడూ ఉందండీ. ఎముక బాగుంది, కండరం బాగుంది. మాట ఆగిపోయింది ఎక్కడో మెదడులో. గొంతు మాత్రం అలా వాడకుండా ఉండిపోయింది.”

ఆయన చేతికర్ర అందుకున్నారు. “పద తల్లీ. ఊళ్ళోవాళ్ళకి నేనే చెబుతాను,” అని లేచారు.

తుఫాను షెల్టర్‌లో సమావేశం పెట్టారు. పందొమ్మిది కుటుంబాలూ వచ్చాయి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి నిలబడి, చేతులు జోడించి, మీ ఇళ్ళలో దండేసి ఉన్నది మీ అమ్మలు కాదు, మా ఆవిడ అని చెప్పాడు. ఆ పెట్టెలో మాట్లాడుతున్నదీ మీ అమ్మలు కాదని డాక్టరమ్మ చెప్పింది. పెట్టెలు వెనక్కి తీసుకుంటాం, క్షమించండి అంది.

తిడతారనుకున్నారు ఆచారిగారు. కొడితే పడదామనీ అనుకున్నారు. ముందుగా సరోజిని టీచరుగారు లేచారు.

“మొదటిరోజు నాకూ అనుమానమొచ్చిందండీ, మా అమ్మ గొంతు ఇంత సన్నగా ఉండేదా అని. అప్పటికి నాకు పదేళ్ళు, కొంచెం గుర్తుంది,” అన్నారామె. “రెండో రోజుకి అలవాటైంది. ఇప్పుడు ఎంత తలచుకున్నా పాత గొంతు రావడం లేదు. ఇదే వస్తోంది. ఇది కూడా తీసుకుపోతే నాకు ఇంక ఏ అమ్మా ఉండదు. మీరు నిజం చెప్పారు, సంతోషం. పెట్టె మాత్రం ఇవ్వను.”

“నేనూ ఇవ్వను,” అన్నాడు అప్పన్న. “యాభై ఏళ్ళు అగరొత్తులు వెలిగించాను ఆ మొహానికి. ఇవాళొచ్చి కాదంటే ఎలాగండీ? మా అమ్మ కాకపోతే రోజూ నన్నెందుకు తిడుతుంది?”

గంగరాజయితే కళ్ళెర్రజేశాడు, అదీ ఆచారిగారి మీద కాదు, డాక్టర్ హైమవతి మీద. “ఆచారిగారు పెద్దవారయిపోయారు, భార్య మీద బెంగతో ఏదో అంటున్నారు. చదువుకున్నదానివి నీకేం వచ్చిందమ్మా? యంత్రం నీదే, అబద్ధమంటున్నదీ నువ్వే!” అన్నాడు. షెల్టరంతా అవునవునంది. నిజం చెప్పడానికి వచ్చిన ఇద్దరూ ఆ సాయంత్రం దొంగల్లా తలలొంచుకుని బయటికి నడిచారు. పెట్టెలు ఒక్కటీ వెనక్కి రాలేదు.

“మీకు నేనొక పెట్టె చేసిస్తాను,” అంది హైమవతి దారిలో. “ఆ పటాలన్నిటిలోనూ గీతలు తీసేస్తే మాణిక్యమ్మగారి మొహం పూర్తిగా దొరుకుతుంది. గొంతూ దొరికినట్టే. మాటలు మాత్రం మీరు చెప్పాలి. మిమ్మల్ని ఏమని పిలిచేవారు?”

ఆచారిగారు ఆరేళ్ళ కాపురం మొత్తం వెతికినా అందులో ఒక్క మాట లేదు.

“ఏదో ఒకటి అనుకోండి, పరవాలేదు,” అంది ఆవిడ మెల్లగా. “ఏమండీ అని పెట్టుకుందాం. అందరూ అలాగే కదా పిలుస్తారు.”

“వద్దు తల్లీ. ఆవిడ ముక్కు మార్చాను, నుదురు మార్చాను, ముప్పై ఒక్కమందికి పంచిపెట్టాను. ఇంక మాటలు కూడా నేనే కల్పించి నోట్లో పెట్టనా? తను అనుకుని అంటే అదొక అందం. నేను అనిపించుకుంటే ఏం లాభం?”

అలా అన్నారే గానీ, ఆశ చావలేదు. తను కల్పించని మాట, తనకోసం ఒక్కటి కావాలి. వారం తిరక్కుండానే గంగరాజు ఇంటికి వెళ్ళారు. కాసేపు పెట్టె దగ్గర ఒంటరిగా కూర్చుంటాను, అభ్యంతరం లేకపోతే, అని అడిగారు. గంగరాజు ఆయన మొహం చూసి కాదనలేకపోయాడు. “కూర్చోండి, మీ ఇష్టం. మేము పెళ్ళికి వెళ్ళి భోజనాలయ్యాక వచ్చేస్తాం,” అని ఇంటిల్లిపాదినీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆచారిగారు పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా చొక్కా సర్దుకున్నారు, జుట్టు సవరించుకున్నారు. మీట నొక్కారు.

“మాణిక్యం,” అన్నారు.

పెట్టె కాసేపు పలకలేదు. కొత్త గొంతు విన్నప్పుడు అది కొంచెం ఆలోచిస్తుంది. తర్వాత ఆ సన్నటి గొంతు, చివర కొంచెం బొంగురుతో, ఎంతో మర్యాదగా అడిగింది.

“ఎవరు బాబూ మీరు?”

యాభై మూడేళ్ళ కిందట ఆచారిగారు తాళి కట్టిన మనిషి ఆయనతో అన్న మొట్టమొదటి మాట అది.

“మాణిక్యం, నేను... నేను వీరభద్రాన్ని.”

“మాణిక్యం అంటే ఎవరో తెలీదు బాబూ. ఇది మల్లాడివాళ్ళ ఇల్లు. మా గంగ ఇంట్లో లేడు. ఏం పని మీద వచ్చారు?”

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఏం చెప్పాలో తోచక, జీవితమంతా చెప్పుకున్నదే చెప్పారు. “ఫోటోలు తీస్తానమ్మా. నీ ఫోటో ఒకటి తీద్దామని వచ్చాను.”

పెట్టెలోంచి నవ్వు వినిపించింది. ఎంత బాగా నవ్వింది!

“నాకెందుకు బాబూ ఫోటో? నన్నెవరు తీస్తారు? ఇన్నేళ్ళొచ్చాయి, నా ఫోటో ఎవరూ తీయలేదు.”

“అవును, తీయలేదు,” అన్నారు ఆచారిగారు. “తప్పు నాదే. తీయాల్సింది.”

“అయ్యో, మీరెందుకు ఏడుస్తారు బాబూ? ఎండనపడి వచ్చినట్టున్నారు. అలా కూర్చోండి, మజ్జిగ ఇస్తాను.”

ఆచారిగారు కూర్చున్నారు. మజ్జిగ ఇవ్వడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.